కడసి అత్త చెప్పిన ముగింపు

ఆ రోజుల్లో ఒక పాత సినిమా చూడమని ఎవరికైనా చెప్పడమంటే పెళ్ళి సంబంధం చెప్పినంత పని. బాగుంటే ఆ గొప్ప సినిమాది, బాగోలేకపోతే తిట్లు మనవి. ఇప్పుడు నేనూ అందరిలాగే ఫోనులో ఒక లింకు పడేసి, చూశారో లేదో కూడా అడగకుండా ఇంకొకరికి ఇంకో లింకు పడేస్తున్నాను గాని, అప్పట్లో అలా కాదు. అప్పట్లో అంటే మరీ తాతలనాడు కాదు లెండి, ఓ పదేళ్ళ కిందట. ఫోన్లు అప్పుడూ ఉన్నాయి, వాటిలో గుంపులూ ఉన్నాయి. పుదుచ్చేరిలో మాకో పాత సినిమాల గుంపు ఉండేది. అందులో ఎవరూ ఒక్క ముక్క రాసేవారు కాదు, అన్నీ గొంతుతో పంపేవే. ఎందుకంటే మా ఇళ్ళలో తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. తరాల కిందట ఇక్కడికి వచ్చి, బళ్ళో తమిళం చదువుకుని, ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునే జనం మేము. (ఇప్పుడు నేను ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది పెళ్ళయ్యాక మా నెల్లూరు అత్తగారు పలక పట్టించిన పుణ్యం. ఇరవై ఆరేళ్ళ కోడలికి ఓనమాలు నేర్పిన అత్తగారు ఇంకెక్కడా ఉండరు.)

గుంపుకు పెద్ద, మీసాల మామ. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మీసాలు అంత పెద్దవేమీ కావు. కాని సినిమాలో ఏదైనా నచ్చితే కుడి మీసం, నచ్చకపోతే ఎడమ మీసం దువ్వేవాడు. అందుకని మా చూపు తెర మీద సగం, ఆయన మూతి మీద సగం ఉండేది. రెడ్డియార్‌పాళయంలో ఆయన మేడమీద ఒక హాలు, తెల్లసున్నం కొట్టిన గోడ, ఒక ప్రొజెక్టరు ఉండేవి. ఎవరైనా ఒక పాత సినిమా బాగుందనుకుంటే, ఎందుకు చూడాలో తమ గొంతుతో చెప్పి గుంపులో పెట్టాలి. ముగింపు మాత్రం చచ్చినా బయటపెట్టకూడదు. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం మేడెక్కి ఆ సినిమా చూసేవాళ్ళం. ఆవలింతలు ఎక్కువైతే సినిమా చెప్పినవాళ్ళే అందరి టీ గ్లాసులూ కడగాలి. ఒక పెద్దాయన అలా వరసగా కడిగీ కడిగీ, చివరికి తన ఇంట్లో కంటే అక్కడే బాగా కడుగుతున్నాడని పేరు తెచ్చుకున్నాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మోటారు సైకిళ్ళ షోరూములో, బండ్లు రిపేరుకిచ్చేచోట కౌంటర్లో కూర్చునే ఉద్యోగం. రోజంతా "మా బండి ఎప్పుడిస్తారు?" అనే మొహాలు చూసి చూసి, ఆదివారం ఆ మేడ మీద నలుపు తెలుపు మొహాలు చూస్తే ప్రాణం లేచొచ్చేది. గుంపులో అందరికంటే చిన్నదాన్ని నేనే. వాళ్ళు "ఆ నీడలు చూసినావా", "ఆ డైలాగు ముందర ఆగిన ఆగుడు చూసినావా" అంటూ మాట్లాడుకుంటుంటే నేను తల ఊపుతూ కూర్చునేదాన్ని. నీడలు నాకూ కనబడేవి, కాని వాటిని పొగడాలని నాకెవరు చెప్పారు? ఒక్కసారైనా నేనో సినిమా చెప్పి, మామ చేత కుడి మీసం దువ్వించాలని ఒకటే తపన. అప్పుడు గుర్తుకొచ్చింది మా కడసి అత్త.

కడసి అంటే మా మాటల్లో చివర. (పేరు విని ఆఖరి సంతానమనుకునేవారు చాలామంది. కాదు, మా నాన్నకు పెద్దక్క.) ఆ పేరు రావడానికి కారణం ఒక బస్సు. మా సొంత ఊరు బాహూరు చెరువుకు అవతల. (నాకు ఉద్యోగం వచ్చాకే మా కాపురం టౌనుకు, మామ మేడకు పక్క వీధికి మారింది.) పండగకో పబ్బానికో ఇంటిల్లిపాదీ పుదుచ్చేరి టౌనుకు వచ్చి, పాత సినిమాలు తిప్పి తిప్పి వేసే ఒక ముసలి టాకీసులో మధ్యాహ్నం ఆట చూసేవాళ్ళం. మా ఊరికి నేరుగా వచ్చే బస్సు మాత్రం సినిమా అయ్యేదాకా ఆగేది కాదు. ఇంకా ఓ ఇరవై నిమిషాల కథ ఉందనగా స్టాండులో హారన్ కొట్టేది. అది తప్పిందా, తర్వాతది బాహూరు వరకే. అక్కడినుంచి చెరువుకట్ట మీద నడక, ఇంటి దగ్గర పాలు పిండేవాళ్ళు లేక అరిచే బర్రెలు. అందుకని తెర మీద ఎవరి మెడకు ఉరి బిగుస్తున్నా సరే, వరసకు ఆ కొసన కూర్చున్న అత్త "మే, బస్సు!" అనేది. అంతే. వెక్కి వెక్కి ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపేసి, చీకట్లో కాళ్ళతో చెప్పులు వెతుక్కునేవారు. మా ఇంట్లో ఒక్కరూ ఆ టాకీసులో ఒక్క సినిమాకూ ముగింపు చూసి ఎరగరు.

మరి కథ ఏమైనట్టు? అది అత్త చెప్పేది. వారానికోసారి తోటలో కాసిన చిక్కుడుకాయలూ వంకాయలూ గంపకెత్తుకుని అత్త టౌను మార్కెట్టుకు పోయేది. ఆ టాకీసులో టికెట్లు చింపే ఆయన భార్య మార్కెట్లో పూలమ్ముతుందట. ఆమెనడిగి ముగింపు తెలుసుకుని వచ్చేది. అప్పటిదాకా ఇల్లంతా ఉగ్గబట్టుకుని ఉండేది. ఆమె గడపలో గంప దించగానే మా అమ్మ మజ్జిగ అందించేది, పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం, పక్కింటివాళ్ళు పిట్టగోడ మీదికి చేరేవారు. అత్త మజ్జిగ మొత్తం తాగి, మూతి తుడుచుకుని, "యాడ విడిచినాము?" అని మొదలుపెట్టేది. మేం చూసిన సినిమా ఒక ఎత్తు, అత్త నోటివెంట ఆ చివరి ఇరవై నిమిషాలు ఒక ఎత్తు. నిజం చెప్తున్నాను, ఆ మనిషి చెప్తుంటే పిట్టగోడ మీది పిల్లి కూడా కదిలేది కాదు.

ఆ ముగింపుల్లో ఎవరూ చచ్చేవారు కాదు. ఎంత కథ జరిగినా చివరికి ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి అన్నం పెట్టేవారు. విలన్లకు కూడా ఉరిశిక్షలుండేవి కావు. సిగ్గుపడి, మూటాముల్లే సర్దుకుని, మా పక్కనున్న కడలూరు పోయి రైసుమిల్లు పెట్టుకునేవారు. (ఒకడు కాదు, నాకు గుర్తున్నంతలో చాలామంది. ఆ లెక్కన కడలూరులో మిల్లులన్నీ విలన్లవే అయుండాలి.) గోదావరి ఒడ్డున మొదలైన కథలో విలను కడలూరుకు ఏ బస్సెక్కి వచ్చాడని నేను ఒక్కసారీ అడగలేదు. పెద్దయ్యాక కూడా అనుమానం రాలేదంటే నా తెలివి ఎంతటిదో మీరే చూసుకోండి. ఎప్పుడైనా టీవీలో ఏ సినిమాకైనా ముగింపు వేరేగా వచ్చిందని ఎవరైనా చెప్తే అత్త ఒకటే మాట అనేది: "టీవీవాళ్ళు కోసి అతికిస్తారు మే. టాకీసులో ఏసిందే నిజం." మేము నమ్మేశాం.

అలా విన్నవాటిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. ఒక పెద్దింటి కోడలి మీద హారం దొంగిలించిందని నింద పడుతుంది. నిజానికి తీసినవాడు ఆ ఇంటి గుమాస్తా. కోడల్ని ఇంట్లోంచి గెంటేస్తారు. ఏళ్ళు గడిచాక ఆమె ముసుగేసుకుని అదే ఇంట్లో వంటమనిషిగా చేరుతుంది. అత్తగారికి అప్పటికి చూపు పోయింది. గుడ్డి అత్తగారు విస్తరి ముందు కూర్చుని, కోడలు వడ్డించిన చారన్నం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోతుంది. సరిగ్గా అక్కడ మా బస్సు. ఇక మా అత్త చెప్పిన ముగింపు: ముసలావిడ చారు రుచి పట్టి కోడల్ని గుర్తుపట్టింది. పట్టి, ఏమీ అనలేదు. "ఇంకొంచెం పొయ్యి" అంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒకరోజు చెయ్యి కడుక్కుని, నడుముకున్న తాళాల గుత్తి తీసి విస్తరి పక్కన పెట్టి, "ఆ పొద్దు ఉప్పు తక్కువని నిన్ను అరిచినాను. ఉప్పు సరిగానే ఉండింది" అంది. హారం మాట ఎవరూ ఎత్తలేదు. గుమాస్తా సంగతి మీకు తెలిసిందే, కడలూరు.

నేను గొంతు సవరించుకుని గుంపులో పెట్టాను: "దీన్ని ముగింపు కోసమే చూడాలి. అంత గొప్ప ముగింపు ఇంకే సినిమాలోనూ లేదు. ఒక్క డైలాగుతో కన్నీళ్ళు తెప్పిస్తుంది." ఆ ఆదివారానికి అదే ఖాయమైంది. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. ఊరికి ఫోను చేసి మా వాళ్ళందరికీ టాంటాం వేశాను. వాళ్ళు వేను మాట్లాడుకుని వస్తామన్నారు. చారన్నం సినిమా మొదటిసారి పూర్తిగా చూడబోతున్నాం, అదీ కడసి అత్తతో కలిసి! మా అమ్మ వీధంతా చెప్పుకొచ్చింది: "మా వదిన చెప్పింది అచ్చరం తప్పకుండా తెర మింద వస్తాది, చూడండి."

మర్నాడు మీసాల మామ బండి సర్వీసుకని మా షోరూముకు వచ్చాడు. వచ్చి, కౌంటరు మీద మోచేతులానించి, గొంతు తగ్గించి అడిగాడు. "పాపా, ఆ సినిమా నేను వయసులో మూడు ఊర్లలో చూసినాను. దాంట్లో ముగింపు అంత బాగుంటాదా? ఏ ముగింపు చెప్తా ఉండావు నువ్వు?" నేను అటూ ఇటూ చూసి, నియమం తప్పి, చారు సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన రెండు చేతులూ మీసాల దాకా వచ్చి ఆగిపోయాయి. ఏది దువ్వాలో ఆయనకే తెలియలేదు.

"ఏంది పాపా ఇది? యాడ విన్నావు? ఆ అన్నం పూర్తి కాకముందే పోలీసు జీపు వస్తాది కదా. గుమాస్తా కొండెక్కి పరిగెత్తుతాడు, కాలుజారి కేక పెట్టి లోయలో పడి చస్తాడు. వాడి జేబులో హారం దొరుకుతాది. కోడలు అత్త కాళ్ళ మింద పడి ప్రాణం విడుస్తాది. అదీ ముగింపు."

"కోసి అతికించిందేమో మామా..." అన్నాను.

"మూడు ఊర్లలోనా?"

ఆ సాయంత్రం ఇంటికి పోయి ఫోనులో వెతికి చూద్దామనుకున్నాను. చేతులు రాలేదు. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పూలమ్మే ఆమెను మేమెవ్వరం ఎప్పుడూ చూడలేదు. అన్ని కథల్లోనూ అందరూ మా ఇంట్లో వండే కూరలే తిన్నారు. ఇక కడలూరు సంగతి సరేసరి. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత కోపమంతా పోయి భయం పట్టుకుంది. మా ఇంట్లో అత్త మాటంటే రాతిమీద గీత. పొలం గట్టు తగాదా వచ్చినా, ఇద్దరక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేసినా, "కడసిని అడుగుదాం" అనేవారు. ఆమె చెప్పిన ముగింపే ముగింపు. అలాంటి మనిషిని నేనే వేనెక్కించి తీసుకొచ్చి, తెర ముందు కూర్చోబెట్టి, పదిమందిలో అబద్ధాలకోరుగా నిలబెట్టబోతున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఆపాలని చూశాను. ప్రొజెక్టరు చెడిపోయిందని గుంపులో చెప్పమని మామను బతిమాలాను. "ముప్పై ఏండ్లు కరెంటు ఆఫీసులో పనిచేసినవాణ్ణి. రిపేరు చేసుకోలేకపోయినానని చెప్పమంటావా?" అని ఆయన ఎడమ మీసం దువ్వాడు. చివరికి అత్తకే ఫోను చేసి ఆదివారం ఇక్కడ కరెంటుండదంట అన్నాను.

"ఉండకపోతే ఏం మే, మిమ్మల్ని చూసినట్టుంటాది" అంది అత్త. మళ్ళీ తనే, "ఆ చారన్నం సినిమానే కదా?" అంది.

"అదే అత్తా."

"కడసి కూడా ఏస్తారా?"

"ఏస్తారు అత్తా."

ఫోనులో బర్రె ఒకటి అరిచింది. తర్వాత అత్త "సరి" అంది. ఆ ఒక్క మాటతో నాకు అన్నీ తెలిసిపోయాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆదివారం వచ్చింది. వేను దిగిన మా బంధుబలగం మేడమెట్లెక్కుతుంటే పెళ్ళివారు తరలివచ్చినట్టే ఉంది. అత్త పట్టుచీర కట్టుకుని, చేతిలో చిక్కుడుకాయల సంచీతో వచ్చింది. దాన్ని మామ చేతిలో పెట్టి, "మా తోటవి తమ్ముడూ" అంది. నన్ను ముందు నిలబెట్టి మాట్లాడమన్నారు. నేను ఆ సినిమాలో నీడలు బాగుంటాయని చెప్పి కూర్చున్నాను. దీపాలు ఆర్పారు. అత్త అలవాటు ప్రకారం వరస కొసన కూర్చుంది, పక్కన అమ్మ, ఆ పక్కన నేను. హారం పోయింది, కోడలు ఏడ్చింది, మా వాళ్ళంతా ఏడ్చారు. ముసుగేసుకుని మళ్ళీ వచ్చింది. నేను దేవుడికి మొక్కుకుంటున్నాను, కరెంటు తియ్యి స్వామీ అని. కరెంటు ఆఫీసు మామ ఇంట్లో కరెంటు పోతుందా! తెర మీద గుడ్డి అత్తగారు విస్తరి ముందుకు వచ్చి కూర్చుంది. చారు పోశారు. ముద్ద ఎత్తింది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు చూడు మే" అంది గుసగుసగా. నేను కళ్ళు మూసుకున్నాను.

"మే, బస్సు!"

అత్త గొంతు. ఎన్నో ఏళ్ళ కిందటి గొంతు, అదే విసురు. మా వరస వరసంతా ఒక్కసారిగా లేచింది. చీకట్లో టకటకా చెప్పులు వెతుక్కున్నారు. ఏడుస్తున్న పిన్ని ఏడుపు ఆపేసింది. చిన్నాన్న పంచె ఎగ్గట్టాడు. పక్క వీధిలో కాపురముంటున్న మా అమ్మ అందరికంటే ముందు పరిగెత్తింది. ఇంత తెలిసిన నేను కూడా, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో, మెట్లగది వసారాలో ఉన్నాను. అక్కడికొచ్చాక గాని ఎవరికీ స్పృహ రాలేదు. "ఏ బస్సు?" అని చిన్నాన్న అడిగాడు. కింద వేనులో డ్రైవరు హాయిగా నిద్రపోతున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టాం. అత్త మాత్రం నవ్వలేదు. గోడకానుకుని కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

మీసాల మామ గాబరాగా బయటికి వచ్చాడు. వెనకాలే గుంపువాళ్ళు. "ఏమైంది? ఇంకా అసలు కథే ఉండాదే!"

"మాకు కడసి తెలుసు తమ్ముడూ" అంది అత్త.

మామ అత్తను చూశాడు. ఆమె చుట్టూ ఉన్న మా వాళ్ళను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చెప్పు చేతిలో పట్టుకునే రెండు చేతులూ జోడించాను, ఇక అంతకంటే నాకేమీ చేతకాలేదు. ఆయన సినిమాల్లో అక్షరం తప్పితే ఊరుకోని మనిషి. ఒకరోజు ఎవరో హీరో చొక్కా గళ్ళదంటే, కాదు చారలదని సినిమా ఆపి మళ్ళీ మొదటినుంచి వేసి చూపించాడు. అత్త అబద్ధం బయటపడడానికి ఆయన నోట ఒక్క మాట చాలు. అలాంటి మామ గొంతు సవరించుకుని అన్నాడు.

"నేను ఎప్పుడో వయసులో చూసింది అక్కా. కడసి మరిచేపోయినాను. మీరు చెప్పండి, వింటాము."

అక్కడే వసారాలో, మెట్ల మీదా, పిట్టగోడ మీదా జనం కూర్చున్నారు. మామ లోపలికి పోయి ఒక చెంబు మజ్జిగ తెచ్చిచ్చాడు. (మజ్జిగ సంగతి ఆయనకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు.) అత్త తాగి, మూతి తుడుచుకుని, "యాడ విడిచినాము?" అంది. ముద్ద దగ్గర, అని మా వాళ్ళంతా ఒక్కసారి అరిచారు. అత్త మొదలుపెట్టింది. లోపల సినిమా దానిపాటికది ఖాళీ కుర్చీలకు కథ చెప్పుకుంటోంది. "ముసిలామె నాలికి మింద పెట్టుకునింది. పెట్టుకుని అట్లే నిలిచిపోయింది..." అని అత్త అంటుండగా లోపలినుంచి పోలీసు జీపు మోత వినిపించింది. అందరి తలలూ అటు తిరిగాయి. అత్త రెప్ప కూడా వెయ్యలేదు.

"అది పక్క ఊరికి పోయే జీపు" అంది.

కథ సాగింది. "ఇంకొంచెం పొయ్యి" దగ్గర మా పిన్ని మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. ఇంతలో లోపల ఒక పెద్ద కేక, కొండమీదినుంచి లోయలోకి సాగిపోయే కేక. గుంపులో ఒకాయన ఉలిక్కిపడ్డాడు. అత్త చెయ్యి ఊపేసింది.

"గుమస్తా. కాలు జారినాడు. పెద్ద దెబ్బేం తగల్లేదులే. దుమ్ము దులుపుకుని కడలూరు బస్సెక్కేసినాడు."

మామ నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుకో, ఇంకెందుకో తెలియదు. కాని తాళాల గుత్తి దగ్గరికి వచ్చేసరికి ఆయన తువాలు కళ్ళ దాకా పోయింది. "ఉప్పు సరిగానే ఉండింది" అని అత్త అనగానే మామ కుడి చెయ్యి మెల్లగా లేచి కుడి మీసం మీదికి పోయింది. అది నా కోసం కాదు. అయినా అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు, నా పెళ్ళినాడు కూడా లేదు. (ఇది మా ఆయన చదవడు లెండి.)

సాయంత్రం వేను బయలుదేరేటప్పుడు అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెయిన్‌రోడ్డు దాకా రమ్మంది. వెనక అందరూ అదే ముగింపు గురించి మాట్లాడుకుంటున్నారు. అత్త కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "నీకు తెలిసిపోయింది గదా మే?"

"తెలిసింది అత్తా. పూలామె..."

"యాడ పూలామె! మొదటి తూరి మీ తాత ఉన్నప్పుడు. సగం సినిమాలో లేచొచ్చి, ఆ పొద్దు ఇంట్లో ఎవురూ అన్నం ముట్టలే. మీ అవ్వ అయితే, ఆ బిడ్డ బతికిందో సచ్చిందో అని నిద్రే పోలే. సగం కతతో ఎవురికైనా అన్నం దిగతాదా? అందుకే బతికిందని చెప్పినా. అందరూ అన్నం తినిరి. ఆడినించి ఇంక ఆపేదానికి కాలేదు."

"మరి ఈరోజెందుకు వచ్చావు అత్తా? ఒంట్లో బాలేదంటే సరిపోయేది కదా."

"నాకు మాత్రం చూడాలని ఉండదా? ఒక్క సినిమాకైనా కడసి చూడాలని నాకూ ఆశే. పరువు పోతే పోనీలే అనుకునే వచ్చినా." అత్త నా వైపు తిరిగింది. "కానీ మే, ఆ ముసిలామె ముద్ద నోట్లో పెట్టుకునే ముందర ఆ కోడలి మొహం చూసినావా? ఆ బిడ్డను సంపేస్తారని ఆడనే తెలిసిపోయింది నాకు. ఇన్నేండ్లు బతికించుకుని, ఇప్పుడు చూస్తా కూసునేదానికి నాకు మనసు రాలే."

అత్త చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పొలం పనికి గరుకైన చెయ్యి. తెరల మీద ఎంతమందిని చావు నుంచి లాగిందో ఆ చెయ్యి.

మర్నాడు గుంపులో మామ గొంతు వచ్చింది: "ఈ వారం సినిమా మొదటి భాగమంతా పరవాలేదు. ముగింపు మాత్రం బాహూరు వాళ్ళది, అట్లాంటిది ఇంకో సినిమాలో లేదు. పాప చెప్పింది సత్యం." గ్లాసులు ఎవరు కడిగారని అడగకండి. నేనే. ఎవరూ ఆవలించలేదు, కాని ఆ రోజు గ్లాసులేమిటి, మేడంతా కడిగేదాన్ని. ఆ తర్వాత కొన్నాళ్ళు మా గుంపులో ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఎవరికైనా ఒక సినిమా ముగింపు నచ్చకపోతే, మామ అత్తకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, "అక్కా, ఈడ విడిచినాము" అనేవాడు.

ఇప్పుడు నాకు ముప్పై రెండు దాటాయి. ఏ సినిమాకైనా ముగింపు నా బొటనవేలి దూరంలో ఉంది. కొత్త సినిమాకు పోతే, ఇంకో ఇరవై నిమిషాలుందనగా నా కాళ్ళు కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటాయి. మా ఆయన మణికట్టు పట్టి కూర్చోబెడతాడు. ఆ చారన్నం సినిమా ఫోనులో ఉంది. చాలాసార్లు పెట్టుకున్నాను, ముద్ద దాకా చూసి ఆపేశాను. కోడలు ఇంకా బతికే ఉంది.

మొన్న ఒక పనిమీద బస్సులో కడలూరు పోయాను. ఊరి మొగలో ఒక పాత రైసుమిల్లు కనబడింది. గేటు దగ్గర కుర్చీలో ఒక ముసలాయన, తెల్ల పంచె, పైకి దువ్విన జుట్టు, మొహంలో ఏదో పాత సిగ్గు. ఇంత వయసొచ్చి, ఒక బిడ్డ తల్లినై, నేను కిటికీలోంచి సగం బయటికి వాలి ఆయన్ని చూశాను. కండక్టరు "తల లోపల పెట్టమ్మా" అని అరిచాడు. నాకే నవ్వొచ్చి, అక్కడే అత్తకు ఫోను చేశాను. అత్తకిప్పుడు వినికిడి తగ్గింది, గట్టిగా చెప్పాలి. బస్సంతా వినేలా చెప్పాను.

"అత్తా, మిల్లు చూసినాను! గుమాస్తా ఉండాడు!"

అటు నుంచి అత్త ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "వ్యాపారం ఎట్లుండాది?" అని అడిగింది.

"బాగానే ఉన్నట్టుండాది."

"పోనీ మే, బతకనీ" అంది.